అంగారకుడి కాలువలకు పెద్దకర్మ

మనిషి పోతే పెద్దకర్మ చేయడం లోకంలో ఉన్నదే. గ్రహాల మీద మనుషులు పెట్టుకున్న నమ్మకం పోయినా పెద్దకర్మ చేసి, ఊళ్లో తెలుగువాళ్లందరికీ గారెలు వడ్డించిన మహానుభావుడు మాత్రం ఒక్కరే. ఆయన మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండే శ్యామ్‌సుందర్ గారు.

ఉద్యోగం కార్ల బ్రేకులు డిజైన్ చేయడం. ప్రాణమంతా పాత సైన్స్ కథల పత్రికల మీద. దారిలో ఎవరైనా ఇంటి ముందు పాతసామాను అమ్మే గరాజ్ సేల్ కనబడితే చాలు, ఆ బ్రేకులు ఎంత బాగా పనిచేస్తాయో వెనక కారు వాడికి తెలిసొచ్చేది. బేస్‌మెంట్ నిండా 1920ల, 30ల నాటి పత్రికలే. అట్టల మీద గాజుకుండలు తలకి బోర్లించుకున్న అమ్మాయిలు, వాళ్లని ఎత్తుకుపోయే పచ్చటి ఎనిమిదికాళ్ల జీవులు. వ్రతం చేయించడానికి వచ్చిన పంతులు గారు వాటిని చూసి మంత్రం మరిచిపోయారని ఆయన భార్య రేణు గారు తలకొట్టుకునేవారు.

మొదటి పెద్దకర్మ శుక్రగ్రహం మీది అడవులకి జరిగింది. 1978 డిసెంబరులో అమెరికా, రష్యా నౌకలు వరసపెట్టి అక్కడ దిగి, అది సీసం కరిగిపోయే కొలిమి అని ఇంకోసారి తేల్చేశాయి. శ్యామ్‌సుందర్ గారు అందరికీ ఫోన్ చేసి, గొంతు తగ్గించి, "పోయిందండీ, శనివారం భోజనానికి రండి" అని పెట్టేశారు. ఎవరు పోయారని అడగడానికి ఎవరికి నోరొస్తుంది? అందరూ మంచులో పడుతూ లేస్తూ, ముఖాలు వేలాడేసుకుని వచ్చారు. హాల్లో దండ వేసిన పటంలో ఒక రాక్షసబల్లి, దాని నోట్లో ఒక రాకెట్టు. ఒక పెద్దావిడ రేణు గారిని పక్కకి పిలిచి, పోయినవాళ్ల ఫొటో దొరకలేదా అని జాలిగా అడిగిందట.

ఆ రోజు వచ్చినవాళ్లలో విద్య ఒకతి. యాన్ ఆర్బర్ యూనివర్సిటీలో శనిగ్రహపు చందమామల మీద రీసెర్చ్ చేస్తున్న అమ్మాయి. ఇదేం పిచ్చి అని నవ్వుకుంటూ కూర్చుంది గానీ, ఆయన గారెలు వడ్డిస్తూ మొదలుపెట్టేసరికి తినడం మరిచిపోయింది. టెలిస్కోపులో శుక్రుడు తెల్లగా కనిపించాడు. తెలుపంటే మబ్బే అన్నారు శాస్త్రవేత్తలు. మబ్బుంటే వాన, వానుంటే బురద, బురదుంటే అడవి, అడవుంటే రాక్షసబల్లి అన్నారు కథలు రాసేవాళ్లు. వాళ్లేం వెర్రివాళ్లా అని ఆయన వాదన.

"ఆ కథలు చదివిన పిల్లలే పెద్దయి నౌకలు కట్టారమ్మా. ఆ నౌకలే వెళ్లి ఆ కథల్ని చంపాయి. కన్నవాళ్లకి కర్మ చేయొద్దా?" అన్నారు.  అప్పటినుంచి విద్య ఒక్క పెద్దకర్మ మానలేదు.

మరుసటి ఏడు అక్టోబరులో అంగారకుడి కాలువలకి పెట్టారు. గీతలు కనిపిస్తే కాలువలన్నారు, కాలువలుంటే ఇంజనీర్లు ఉంటారన్నారు, ఇంజనీర్లుంటే నీళ్ల తగాదాలు, యుద్ధాలు. తీరా నౌకలు వెళ్లి చూస్తే కాలువా లేదు, పిల్లకాలువా లేదు. అవి పోయి చాలా ఏళ్లయినా, దిక్కులేని చావు కాకూడదని ఆయన పట్టుబట్టి చేశారు.

1980 వచ్చేసరికి ఆయన పిచ్చి ముదిరింది. నెలకొకటి పోవడం మొదలైంది. విద్యకి తెలిసి అవన్నీ ఎప్పుడో పోయినవే. అక్టోబరులో మళ్లీ ఫోన్ వచ్చింది. ఈసారి పోయింది అంగారకుడి కాలువలట. విద్యకి ఒళ్లు మండింది. ఇంకొన్ని రోజుల్లో వాయేజర్ నౌక శని దగ్గరికి చేరబోతోంది, ఆ ఉత్సాహంలో ఆమెకి తిండీ నిద్రా లేవు. ఆకాశంలో కొత్త చందమామలు కనబడబోతుంటే, చచ్చినవాటిని మళ్లీ చంపడమేమిటని నేరుగా అడిగేద్దామని బయలుదేరింది.

అడిగేసింది కూడా. అందరూ పళ్లేలు పట్టుకుని ఉండగా, "అంకుల్, కాలువలకి లాస్ట్ ఇయరే పెట్టేశాం కదా. ఒకళ్లకి రెండుసార్లు పెద్దకర్మ ఏమిటి?" అంది.

ఎప్పుడూ నోరు మూతపడని శ్యామ్‌సుందర్ గారు గబుక్కున రేణు గారి వైపు చూశారు. మూలన కూర్చున్న జగదీష్, కార్ల కంపెనీలో డ్రాయింగులు గీసే అతను, గారె తుంచబోతున్న అతని చెయ్యి పళ్లెంలోనే ఆగిపోయింది. పటాన్ని చూశాడు, శ్యామ్‌సుందర్ గారిని చూశాడు, పళ్లెం పక్కన పెట్టి భార్య జయంతికి కోటు తెమ్మని సైగ చేశాడు.

రేణు గారు విద్యని జబ్బ పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్లారు.

"జగదీష్‌కి లేఆఫ్ అయిందే. బర్త్‌డేకి పిలిస్తే గిఫ్ట్ లేకుండా ఎలా వస్తాం అన్నాడు. డిన్నర్‌కి పిలిస్తే తిరిగి పిలవాలి కదా అన్నాడు. ఇప్పుడు తను ఫోనే తీయడం లేదు, ఈ కబురూ జయంతికే చెప్పాం. పెద్దకర్మకైతే చేతులూపుకుంటూ రావాలి, రానని అనకూడదు. ఈ ఏడాది ఏ గ్రహం పోయినా, అంతకుముందు ఎవరిదో ఉద్యోగం పోయినట్టే. హాల్లో ఉన్న ఉదయ్ గారి కంపెనీలో మనుషుల్ని తీసుకుంటున్నారని, ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెడదామని మీ అంకుల్ పొద్దుట్నుంచీ కుర్చీలు సర్దుతున్నారు."

విద్యకి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. ఒక్క పరుగున హాల్లోకి వచ్చింది. జగదీష్ అప్పటికే కోటులో ఒక చెయ్యి దూర్చేశాడు.

"సారీ అంకుల్, నేనే మర్చిపోయాను. ఇవాళ కాలువల సంవత్సరీకం కదా" అంది.

శ్యామ్‌సుందర్ గారి ముఖం వెలిగిపోయింది. అవునమ్మా, అప్పుడే ఏడాది తిరిగిపోయిందని నిజంగానే కళ్లు తుడుచుకున్నారు. సంవత్సరీకం నాడు విస్తరి ముందునుంచి లేవకూడదని ఒక పెద్దావిడ గట్టిగా చెప్పింది. జగదీష్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. అన్నీ అర్థమయ్యాయి కాబోలు, పెదవుల చివర చిన్న నవ్వు కదిలింది. కోటు తీసేసి, ఖాళీగా ఉన్న ఒక్క కుర్చీలో కూర్చున్నాడు. అది ఉదయ్ గారి పక్కది.

కాసేపటికి వాళ్లిద్దరూ డ్రాయింగుల గురించి వాదించుకుంటున్నారు. మారు గారెలు అడుగుతూ జగదీష్, తర్వాత ఎవరిదండీ అన్నాడు.

"చంద్రుడి మీది మనుషులదండీ. వాళ్ల తిథి ఎవరికీ తెలీదు. ఎప్పుడైనా పెట్టుకోవచ్చు" అన్నారు శ్యామ్‌సుందర్ గారు ఉత్సాహంగా.

"అయితే వచ్చే శనివారమే పెట్టండి. పప్పు నేను రుబ్బుతాను" అన్నాడు జగదీష్.

రేణు గారు మారుమాట లేకుండా ఒప్పేసుకున్నారు.