పురుగుల ఇంటికి పెద్ద తెర

వెంకటరత్నమ్మకు అసహ్యాలు ఎక్కువని పుంగనూరు పక్కనున్న ఆ ఊళ్లో అందరికీ తెలుసు. తలకు నూనె పట్టించుకుని వచ్చినవాళ్లను ఆమె అరుగెక్కనివ్వదు. బీడీ తాగి వచ్చినవాడితో వీధిలో నిలబెట్టే మాట్లాడి పంపేస్తుంది. అగరుబత్తి వాసన, సెంటు, దోమలచుట్ట పొగ, మాట్లాడేవాళ్ల నోట్లోంచి పడే తుంపర్లు, అన్నీ ఆమెకు రోతే. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు కోడలు యమున ఇదంతా మడి అనుకుని భయపడింది. సంగతి వేరు. ఇంటి వెనక ఆమెకు పట్టుపురుగుల షెడ్డు ఉంది. పురుగుకు పొగ పడదు, ఘాటు వాసన పడదు, ఇంకొకరి షెడ్డులోంచి వచ్చిన దుమ్ము అసలే పడదు. ఏండ్ల తరబడి పురుగుల తరఫున అసహ్యించుకుని, అసహ్యించుకుని, చివరికి ఆ అసహ్యాలన్నీ ఆమె సొంతమైపోయాయి.

షెడ్డు గడప దగ్గర వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టి ఒకటి ఉంటుంది. దాని నిండా బ్లీచింగు పొడి కలిపిన నీళ్లు. లోపలికి పోయే మనిషి కాళ్లు, చేతులు అందులో తడపాలి. కత్తి, బుట్ట, చీపురు, ఆకు మోసే గోనెపట్ట, ఏదైనా సరే ముంచి తీశాకే గడప దాటాలి. భర్త రామప్ప బతికి ఉన్నప్పుడు, కొత్తగా కొన్న టార్చిలైటును కూడా ఆమె ముంచబోతే ఆయన లాక్కున్నాడని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

ఇన్ని జాగ్రత్తల మధ్య కూడా పోయిన పంట పోయింది. పాలరోగం తగిలింది. ఆ రోగం వచ్చిన పురుగు ముందు కీళ్ల దగ్గర ఉబ్బుతుంది, చర్మం తళతళలాడుతుంది, మేత మాని అంచులకు పాకుతుంది. తరువాత పగిలి పాలలాంటి రసం కారుస్తుంది. ఆ రసం తగిలిన ఆకు తిన్న పురుగుకల్లా అదే గతి. మొదటి పురుగును పట్టి తీసేస్తే పంట నిలుస్తుంది. ఆమె ఎప్పుడూ మొదటిదాన్నే పట్టేది. ఈసారి మాత్రం చూపు మసకబారి, చేతికి తడి తగిలేదాకా తెలియలేదు. అప్పటికే తట్టలన్నీ కంపు కొడుతున్నాయి. గుంట తవ్వి, సున్నం చల్లి, కుళ్లిన పురుగులను గంపలతో పోస్తుంటే ఆమెకు ఆ కంపు కంటే తన కండ్ల మీదే ఎక్కువ రోత పుట్టింది.

కొడుకు మునిచంద్ర మదనపల్లె మార్కెట్టుకు టమోటా తోలే లోడు ఆటో నడుపుతాడు. వాడికి చిన్నప్పటి నుంచీ పురుగంటే జలదరింపు. చొక్కా కాలరు లోకి ఒకసారి పురుగు దూరిందట, అప్పటి నుంచి షెడ్డు గడప తొక్కలేదు. గుంట పూడ్చిన సాయంత్రం వాడు ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని, దూరంగా నిలబడి అన్నాడు.

"ఇంక సాల్లేమ్మా. కండ్లు కనపడకుండా యాల ఈ పీడ? షెడ్డు ఖాళీ చేస్తే క్రేట్లు పెట్టుకుంటా. టమోటా సీజన్లో పెట్టుకునేదానికి చోటు లేక సస్తాండాను."

"ఇంకొక్క పంట సూస్తా."

"అదీ పోతే?"

"అప్పుడు నీ క్రేట్లు తెచ్చి పెట్టుకో. నేను నోరెత్తను."

వాడు ఆ మాటను గట్టిగా పట్టుకున్నాడు. మరునాడే పాత క్రేట్లు కొన్ని తెచ్చి వాకిట్లో పేర్చాడు. అడుగున కుళ్లిన టమోటా తొక్కలు, వాటి మీద ముసిరే ఈగలు. పొద్దున లేస్తూనే ఆమె మొహం తిప్పుకుని పోవలసి వచ్చేది.

కుప్పంలో కంటి డాక్టరు ఆమె కండ్లలోకి లైటు వేసి చూసి, కంటి వెనక పొర నడిమధ్యలో పాడైందనీ, ఆపరేషన్‌తో తిరిగి వచ్చేది కాదనీ చెప్పాడు. అంచుల్లో చూపు బాగానే ఉంది కాబట్టి, చూడాల్సినదాన్ని బాగా పెద్దది చేసుకుని చూస్తే పనులు చేసుకోవచ్చునన్నాడు. పెద్దది అంటే ఎంత పెద్దదని ఆమె అడిగింది. ఆయన రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టి చూపించాడు.

అప్పటికి కొత్త పంట షెడ్డులో మూడో జ్వరం దాటింది. పురుగులు మేత మాని, తల పైకెత్తి నిద్రపోయి, పాత చర్మం విడిచే దశను అక్కడ జ్వరమంటారు. నాలుగోది ముగిసి లేచాకే రోగం బయటపడే రోజులు. ఈలోపు చూపుకు ఏదో ఒక దారి వెతుక్కోవాలి. యమున కాన్పుకని శాంతిపురంలో పుట్టింటికి పోయి ఉంది. తోడుకు మిగిలింది కొడుకే. పురుగులు నాలుగో జ్వరం లేచే రోజు పొద్దున్నే చిన్న టిఫిను డబ్బాలో ఆకు వేసి, అందులో ఒక పురుగును పెట్టుకుని ఆమె ఆటో ఎక్కింది.

"అదేందిమా డబ్బాలో?"

"నాకు టిఫిను."

వాడు నమ్మాడు.

మదనపల్లెలో ఫోన్ల అంగడికి పోయారు. దాని ఓనరు హరీష్, మునిచంద్రకు తెలిసినవాడు. "రాండమ్మా, కూసోండి" అని స్టూలు జరిపి, వక్కపొడి నములుతూనే కొత్త ఫోను బయటకు తీశాడు. చూపుడువేలు నాలుకకు అద్దుకుని ప్లాస్టిక్ కవరు విప్పాడు. అదే వేలితో తెర మీద గీశాడు. ఆ తడి గీత ఆమె అంచు చూపుకు కూడా స్పష్టంగా కనిపించింది. ఆమె చేతులు కొంగులో దాచుకుంది.

"ఇది కొత్త మోడలమ్మా. కెమెరా సూడండి, చీమ కాళ్లు లెక్కబెట్టొచ్చు. నీళ్లల్లో పడినా ఏమీ కాదు." గ్లాసులో నీళ్లు తెప్పించి అందులో ఫోను వేశాడు. మునిచంద్ర ఆ గ్లాసుకేసి గుడిలో దేవుణ్ని చూసినట్టు చూశాడు.

"ఇదే తీసుకుందామ్మా. పగలంతా నువ్వు సూసుకో, సాయంత్రం నేనిట్లా..."

"నువ్వెట్లా?"

"ఊరికే, పాటలు గీటలు."

ఎవరి కోసం ఈ ఫోనో ఆమెకు అప్పుడు అర్థమైంది. కన్నబిడ్డ గొంతులో ఆ ఆశ విని ఆమెకు నోట్లో చేదు ఊరింది. "పెద్దది ఏమన్నా ఉందా?" అని అడిగింది.

హరీష్ అయిష్టంగానే కింది అరలోంచి ఒక ట్యాబ్లెట్టు తీశాడు. ఎవరో వాడి అమ్మేసింది. తెర మాత్రం అన్నం తినే పళ్లెమంత ఉంది. వెనక పిల్లలు అంటించిన బొమ్మలు సగం చిరిగి జిగురు కారుతున్నాయి. అంచు సందులో ఎండిన మెతుకు ఒకటి ఇరుక్కుని ఉంది.

"ఎవరి ఎంగిలో ఇది" అంది ఆమె.

"తుడిస్తే పోతాదమ్మా. కానీ పాతది, కెమెరా సుద్ద దండగ. మునిచంద్ర మావాడని చెప్తాండా, ఫోను తీసుకోండి."

"చూసి చెప్తా" అని ఆమె డబ్బా మూత తీసి, ఆకుతో సహా పురుగును గాజు కౌంటరు మీద పెట్టింది.

పక్కన చార్జరు బేరమాడుతున్న ఆడమనిషి కెవ్వున అరిచి వెనక్కి దూకింది. హరీష్ నములుతున్నది మింగేశాడు. "ఛీ ఛీ! ఏందమ్మా ఇది, అంగట్లో పురుగులు! తీయండి, తీయండి!"

"నీ నాలికంటిన వేలి కంటే ఇది శుభ్రమప్పా. ఫోటో తియ్యి."

మునిచంద్ర గోడకు అతుక్కుపోయాడు. "టిఫినన్నావు కదమ్మా" అని మాత్రం అనగలిగాడు.

కొత్త ఫోనులో ఫోటో చాలా బాగా వచ్చిందని అందరూ అన్నారు. ఆమెకు మాత్రం ఆ చిన్న తెర నడుమ ఎప్పటి మసకే కనిపించింది. ట్యాబ్లెట్టు కెమెరాతో తీస్తే సున్నపు మరకలాంటి మసక వచ్చింది. చివరికి హరీష్, ఆమెను త్వరగా వదిలించుకోవాలనే తొందరలో, మునిచంద్ర పాత ఫోనుతో ఫోటో తీసి ట్యాబ్లెట్టుకు పంపాడు. పళ్లెమంత తెర నిండా పురుగు పరుచుకుంది. ఆమె తల కొంచెం పక్కకు వంచి, కంటి కొసతో చూసింది. కీలు కీలుకూ మధ్య మడతలు, పక్కల నల్లటి చుక్కలు, ఆకు అంచును పట్టుకున్న కాళ్లు. ఒక్కో కీలూ లెక్కపెట్టుకుంది.

"ఇదే కావల్ల" అంది తరువాత. "ఒరే, నేను తట్టలు గడపకాడికి తెస్తా. నువ్వు బయటే నిలబడి నీ ఫోన్తో తియ్యి, చాలు. నేను లోపల ఇందులో సూసుకుంటా."

మునిచంద్ర ముఖం మాడ్చుకున్నాడు గానీ గడప బయటే అన్నది కనుక సరేనన్నాడు. పోయేముందు ఆమె ఒక్క మాట అడిగింది. "అప్పా, ఇది కూడా నీళ్లకు తట్టుకుంటాది గదా?"

హరీష్ అప్పటికే కౌంటరు మీద పురుగు ఉన్నచోట స్పిరిట్టు పోసి రుద్దుతున్నాడు. ముఖం ఎత్తకుండానే, "ఆఁ, ఏం కాదులేమ్మా, పోండి" అన్నాడు.

ఆ పురుగును ఆమె ఇంటికి తేలేదు. బయట గాలి తగిలినదాన్ని మళ్లీ తట్టలో కలపకూడదు. దారిలో ఒక గట్టు మీద వదిలేసి, దాని మీద డబ్బాలో మిగిలిన ఆకు కప్పి వచ్చింది.

ఇంటికి చేరేసరికి నాలుగో జ్వరం లేచిన పురుగులు ఆకలితో కొమ్మల మీద కదులుతున్నాయి. ఆమె కాళ్లు తడుపుకుంది. చేతులు తడుపుకుంది. చంకలో ఉన్న ట్యాబ్లెట్టు గుర్తొచ్చింది. ఎవరి ఇంట్లో తిరిగిందో, ఎవరి ఎంగిలి తిన్నదో. ఆ మెతుకు, ఆ జిగురు, హరీష్ తడివేలు వరసగా కళ్లముందు మెదిలాయి. మునిచంద్ర ఆటో ఆపి వాకిట్లోకి వచ్చేసరికి ఆమె దాన్ని తొట్టిలో అడుగుదాకా ముంచి, గోటితో మెతుకును గీరుతోంది.

"అమ్మా! ఏం చేస్తాండావు!"

"కడగతాండా. ఇట్లే లోపలికి తీసుకపోమంటావా ఈ మురికిని?"

తీసి తుడిచారు, బియ్యంలో పెట్టారు, ఎండలో పెట్టారు. తెర మీద పాలరంగు మచ్చ ఒకటి లేచి, మెల్లగా పాకింది. తరువాత తెర మొత్తం నల్లబడి ఆరిపోయింది. మునిచంద్ర ఫోను చేస్తే హరీష్ నీళ్లల్లో పడినవి వాపసు తీసుకోనన్నాడు. తానేమీ హామీ ఇవ్వలేదన్నాడు. వెంకటరత్నమ్మ ఆ పక్క మాటలు వింటూ, ఆ గొంతు వెనక వక్కపొడి నమిలే చప్పుడు కూడా విన్నది. అతని మీద అసహ్యం సగంలోనే ఆగిపోయింది. మిగతాది తన చేతుల మీదికి తిరిగింది. బ్లీచింగు వాసన వేస్తున్న ఆ చేతులను ఆమె చాలాసేపు కొంగుతో తుడుచుకుంది.

"ఇంక ఏముండాది" అన్నాడు మునిచంద్ర, క్రేట్ల వైపు చూస్తూ. గొంతులో సంతోషం లేదు గానీ, ఉపశమనం ఉంది. ఆమెకు అది వినపడింది.

లేచి వెళ్లి వాడి మణికట్టు పట్టుకుంది. తొట్టి దాకా లాక్కొచ్చింది. "కాళ్లు పెట్టు."

"నేను రాను. నీకు తెల్దా, నాకు..."

"తెలుసు. పెట్టు."

ముప్పై దాటిన మనిషి, నాలుగు టమోటా క్రేట్లు ఒకేసారి ఎత్తేవాడు, చిన్నపిల్లాడిలా కాళ్లు తడుపుకుని, ముక్కుకు తువ్వాలు కట్టుకుని గడప దాటాడు. లోపల పురుగులు ఆకు కొరికే చప్పుడు వానలా వినిపిస్తోంది. ఆ చప్పుడుకే వాడి మెడ మీద వెంట్రుకలు లేచాయి.

"తట్టల పక్కన మెల్లగా నడువు. ఏం కనపడతాదో చెప్పు."

"ఏముండాది, పురుగులు. తెల్లగా, మెత్తగా, అబ్బా, కదలతాండాయి."

"నడువు."

ఒక వరస అయింది. రెండోదాని సగంలో వాడు చటుక్కున ఆగి, "ఛీ!" అన్నాడు.

ఆమె తల ఎత్తింది. "యాడ?"

"ఈడ, కొమ్మ కొసన. అంచుకు పాకతాండాది. ఒళ్లంతా తళతళమంటాండాది, కీళ్లకాడ ఉబ్బి... నాకు వాంతి వస్తాందిమా."

"మిగతావాటి కంటే రోతగా ఉండాదా?"

"శానా."

"అయితే అదే. నా చెయ్యి పట్టి దాని కాడికి పెట్టు."

వాడు, రెండు పుల్లలు పట్టుకున్న ఆమె వేళ్లను కొమ్మ కొస దాకా తీసుకుపోయాడు. ఆమె పుల్లలతో పురుగును నొక్కకుండా, పగలకుండా పట్టుకుని పక్కనున్న సున్నపు కుండలో వేసింది. కుండ మీద మూతగా ఆ చచ్చిన ట్యాబ్లెట్టును బోర్లించింది. కొలత సరిపోయింది.

ఆ సాయంత్రం వాడు ఇంకో రెండు చోట్ల ఛీ అన్నాడు. ఒకచోట అన్నది ఆకు మడతకే, దానికి ఆమె తిట్టింది. గూళ్లు కట్టడానికి పురుగులు చంద్రికలనే వెదురు చాపల మీదికి ఎక్కేదాకా రోజూ పొద్దునా సాయంత్రం వాడు మూతి వంకర పెట్టుకునే వచ్చాడు. అన్నం సరిగ్గా తినలేదు. యమునతో ఫోనులో తల్లిని తిట్టుకున్నాడు. వాకిట్లో క్రేట్లు అక్కడే ఉండిపోయాయి, ఈగలతో సహా.

చివరి పురుగు చంద్రికెక్కిన రోజు, తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటూ వాడన్నాడు: "ఇదే ఆఖరు. వచ్చే పంటకు నన్ను పిలవద్దు. అలవాటైపోతే ఇంక జీవితాంతం ఈడనే నాకు."

"అలవాటైతే నేనే పిలవనులేప్పా" అంది వెంకటరత్నమ్మ. "ఛీ అనకపోతే నువ్వెందుకు నాకు?"