సున్నమ్మకు సెలైన్

కుక్కర్ మూత తీయగానే ఉడికిన గుమ్మడికాయ ఆవిరి మొహానికి కొట్టింది. ఉప్పు, కారం, పోపు ఇంకా ఏదీ పడని ముక్కల వాసన. కొంచెం తీపి, కొంచెం పచ్చి. కర్నూలులో మా వంటింట్లో నిలబడి ఉన్నా ఆ వాసన నన్ను బేతంచెర్లలోని ఒక రేకుల షెడ్డులోకి తీసుకుపోతుంది. అక్కడ బండలు కోసే మిషన్ల రొద, ఆ రొదను మించిన షమీమక్క గొంతు. ఆమెను మీలో ఎవరూ చూసి ఉండరు. ఒక్కసారి చూసి ఉంటే మరిచిపోయి ఉండరు.

షమీమక్కది బండల పాలిష్ ఫ్యాక్టరీ. డిగ్రీ అయ్యాక నా మొదటి ఉద్యోగం అక్కడే. ఫోన్లు ఎత్తడం, ఏ లారీకి ఏ సైజు బండలు ఎక్కించాలో చూడటం నా పని. భర్త పోయిన కొత్తలో మరుదులు వచ్చి, ఆడమనిషివి, డ్రైవర్లతో, హమాలీలతో నీకెందుకు, మిషన్లు మాకు అప్పజెప్పి ఇంటిపట్టున ఉండమన్నారట. మర్నాడు పొద్దున్నే ఆమె షెడ్డుకు వచ్చి, భర్త కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఆ కుర్చీలోనే ఎందుకు కూర్చోలేదని నేనొకసారి అడిగాను. "ఆయనది ఆయనది. నాకు నాది ఉండాది" అంది.

సున్నమ్మ తనంతట తానే వచ్చింది. బండల వరుసల మధ్య ఒకరోజు తెల్లటి పిల్లి కనిపిస్తే, సున్నంలాంటి ఆ తెలుపు చూసి షమీమక్కే ఆ పేరు పెట్టింది. కొన్నాళ్లకు పెద్ద వాన పడి అది తడిసి లోపలికి వస్తే, మా ముందు నిలబడింది నల్లపిల్లి. అన్నాళ్లూ మేం చూసింది రాతిపొడి. ఇది వేరే పిల్లి అక్కా అన్నారు హమాలీలు. "అదే. ఆ పొగరు చూడండప్పా, వేరేదానికి యాడుంటాది" అని ఆమె తువ్వాలుతో తుడిచింది. పేరు మాత్రం మార్చలేదు. అప్పటి నుంచి అది ఆఫీసులో ఆమె భర్త ఖాళీ కుర్చీలో పడుకునేది. ఎవరైనా లేపబోతే ఆమె ఊరుకునేది కాదు.

కొన్నేళ్లకు సున్నమ్మ చిక్కిపోసాగింది. మిషన్ల కాలువ దగ్గర కూర్చుని నీళ్లు తాగిందే తాగేది. తిన్నది కక్కేది. ఇసుకలో గుంట తవ్వుకుని కూర్చుని, ఏమీ రాక, సన్నగా అరిచేది. షమీమక్క దాన్ని మూతగంపలో పెట్టుకుని కర్నూలు బస్సెక్కింది. తోడుగా నన్ను తీసుకుపోయింది. పశువుల ఆసుపత్రిలో మా ముందు మేకలు, గొర్రెలు, ఒక పాడి ఎనుము. అందరూ మా గంపలోకి తొంగిచూసి నవ్వుకున్నారు. డాక్టరు చిన్నవాడు, మర్యాదస్తుడు. రక్తపరీక్ష చేయించి, కడుపు నొక్కి చూసి, నెమ్మదిగా చెప్పాడు.

"రెండు కిడ్నీలూ పాడైపోయాయమ్మా. ఒంట్లో నీరు నిలవడం లేదు, అందుకే పేగుల్లో మలం గట్టిపడింది. ఇది నయమయ్యే జబ్బు కాదు. ఒక ఇంజెక్షన్ చేస్తే నిద్రలోనే పోతుంది. మీకూ శ్రమ తప్పుతుంది."

"నా శ్రమ సంగతి పక్కన పెట్టప్పా. దానికి బతకాలని ఉండాదా లేదా, అది చెప్పు."

అంటూనే ఆమె చేతిసంచిలోంచి ఉడికిన కోడిమాంసం తునక తీసి దాని ముక్కు దగ్గర పెట్టింది. సున్నమ్మ వాసన చూసింది. తల తిప్పుకుంది. మళ్లీ ఇటు తిరిగి ఒకసారి నాకింది, ఇంకోసారి నాకింది, మెల్లగా కొరికింది. షమీమక్క డాక్టరు వైపు చూసింది, అంతే. ఆయన కుర్చీ దగ్గరకు లాక్కుని, అయితే జబ్బును పోగొట్టలేంగానీ దాన్ని హాయిగా ఉంచడానికి చేయగలిగింది చాలానే ఉందన్నాడు. చర్మం కింద సెలైన్ ఎలా ఎక్కించాలో ఆమె చేతులు పట్టుకుని నేర్పాడు. వాంతులకు మందు, విరేచనం సాఫీగా కావడానికి తియ్యటి మందు, ఉడికించిన గుమ్మడికాయ గుజ్జు కొద్దికొద్దిగా.

ఆ విధంగా మా ఆఫీసు కిటికీ చువ్వలకు సెలైన్ సీసా వేలాడింది. సీసాను ముందు వేడినీళ్లలో కాసేపు ఉంచేవాళ్లం, చలి పుట్టకుండా. నేను సున్నమ్మను తువ్వాలులో చుట్టి ఒళ్లో పట్టుకునేదాన్ని. ఆమె దాని మెడ వెనక తోలు పైకెత్తి సూది గుచ్చేది. సీసా అయ్యేదాకా కొనుగోలుకు వచ్చినవాళ్లు బయట నిలబడాల్సిందే. ఈమె బండలమ్ముతాందా పిల్లుల ఆసుపత్రి పెట్టిందా అని బజారులో మాటలు. ఆమె చెవిన పడినా పట్టించుకోలేదు. ఒకరోజు సున్నమ్మ ఇసుకలోంచి లేచి చెంగుమని దూకితే, వెనకే వెళ్లి చూసి, మిషన్ల రొదలో నాకు వినపడేలా గొంతు చించుకుని "మ్మే సుజాతా, అయ్యిందే, బాగా అయ్యింది" అని అరిచింది. హమాలీలు బండలు దించి మరీ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

చిన్న మరిది రసూల్ మాత్రం నవ్వడానికి రాలేదు. ఒక మధ్యాహ్నం, సూది గుచ్చి ఉండగానే, నేరుగా లోపలికి వచ్చాడు.

"మనుషులకే దిక్కు లేదు, పిల్లికి సెలైనా వదినా? మా పరువు పోతాంది. ఎట్లైనా చచ్చేదే గదా."

ఆమె సూది పట్టుకున్న చెయ్యి కదల్చలేదు. "మీ అన్న ఆసుపత్రిలో ఉండేటప్పుడు గూడ ఈ మాటే అంటిరి. ఎట్లైనా పోతాడు, ఇంటికి తీసుకపోదాం, వదినకు అగసాట్లు ఎందుకని మంచం చుట్టూ నిలబడి మీరే మాట్లాడుకుంటిరి. ఆయనకు చెవులు బాగా వినపడతాండె రసూల్. మీరు మాట్లాడిందంతా విన్యాడు. నీకేం కావాలని ఆయన్ను ఒక్కరైనా అడిగితిరా? నన్ను అడగనిస్తిరా?"

రసూల్ ఏదో అనబోయాడు. "సీసా అయ్యేదాక బయట కూసో. అయినాంక మాట్లాడదాం" అంది. అతను కూర్చోలేదు, వెళ్లిపోయాడు. ఆమె సీసాలో బుడగల్ని చూస్తూ ఉండిపోయింది. కళ్లలో నీళ్లు లేవు. ఇంకా చల్లారని కోపం ఉంది. నేను అంతవరకు అది పిల్లి మీద ముద్దు అనుకుంటున్నాను. ఆ పూట నాకు వేరే సంగతి తెలిసింది.

సున్నమ్మ డాక్టరు అనుకున్నదానికంటే చాలా ఎక్కువ కాలం ఉంది. కాస్త కండ పట్టింది. లారీల బానెట్ల మీద ఎండ కాచుకుంది, డ్రైవర్ల క్యారియర్లలో మూతి పెట్టి తిట్లు తిన్నది. తర్వాత ఒక వేసవిలో మళ్లీ తిండి మానేసింది. షమీమక్క గుమ్మడి గుజ్జు పెట్టింది, మాంసం పెట్టింది, చేప పెట్టింది. అది వాసన చూడను కూడా లేదు. ప్రతిదానికీ మొహం తిప్పుకుని వెళ్లి బండల వెనక చల్లటి నేల మీద పడుకుంది. ఒకప్పుడు నవ్విన హమాలీలే ఈసారి వచ్చి, ఇంకో సీసా ఎక్కిద్దాం అక్కా అన్నారు. నేనూ అన్నాను. సీసాను వేడినీళ్లలో పెట్టేశాను కూడా.

ఆమె దాన్ని బయటికి తీసి తుడిచి పక్కన పెట్టింది. "ఇన్నాళ్లు అది కావాలనింది, ఊరంతా వద్దన్యా నేను ఇనలేదు. ఇప్పుడు అది వద్దంటాంది. మీరంతా కావాలంటే మాత్రం ఎట్ల ఇంటా?"

డాక్టరుకు ఫోన్ చేసి బాధ తెలియకుండా ఉండే మందు అడిగి వేసింది. మిషన్లన్నీ ఆపించింది. బయట లోడు కోసం ఒక లారీ నిలిచి ఉంది. డ్రైవరు వచ్చి, పిల్లి కోసం పని ఆపుతారా అని గొణిగాడు. "ఆపినా గదప్పా. రేపు ఎక్కిస్తాం" అంది, అటు చూడకుండానే. ఆ షెడ్డు అంత నిశ్శబ్దంగా ఉండగా నేను చూసింది ఆ ఒక్క మధ్యాహ్నమే. ఆమె బండల పక్కన నేల మీద కూర్చుని, సున్నమ్మ వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. ఎండ వాలేవేళకు ఆ వీపు కదలడం ఆగింది.

షమీమక్క ఇప్పుడు లేదు. నేను బేతంచెర్ల వదిలి చాలా కాలమైంది. ఆమె దగ్గర నేర్చుకున్నది జాలి అని చాలామంది అనుకుంటారు. కాదు. జబ్బుపడినవాళ్ల తలమీదుగా మాట్లాడేవాళ్లకు అడ్డుపడటం నేర్చుకున్నాను. అందుకు మర్యాద తెలియనిదాన్నని నాకు పేరొచ్చింది. రానీ.

పోయిన చలికాలం మా నాన్నను కర్నూలు ఆసుపత్రిలో చేర్చాం. క్వారీలో పనిచేసిన మనిషి, ఊపిరితిత్తుల నిండా ఆ రాతిదుమ్మే. మంచం చుట్టూ మా పెదనాన్న, మేనత్తలు, వాళ్ల పిల్లలు. ఈ వయసులో ఇంకా ఎందుకు కష్టపెట్టేది, ఇంటికి తీసుకపోదామని పెదనాన్న అన్నాడు. అందరూ తలలూపారు. నేను వాళ్ల మధ్య దారి చేసుకుని మంచం మీద కూర్చున్నాను.

"నాన్నా, వీళ్లు ఇంటికి పోదామంటాండారు. డాక్టరు ఇంకో మందు చూస్తామంటాండాడు. నువ్వేమంటావు?"

"ఆయన్ను అడిగేదేంది మే, నీకు మతి ఉండాదా?" అన్నాడు పెదనాన్న. నేను తల తిప్పలేదు. నాన్న మొహం మీది మాస్కు తానే పక్కకు జరిపాడు.

"ఆ మందేందో చూద్దాం పాపా" అన్నాడు. "ముందు ఏమన్నా పెట్టు. ఆకలైతాంది."