డబ్బానా, అట్టా అని నన్నడిగిన రోజు

కాస్త దగ్గరగా జరిగి కూర్చోండి. గొంతు పెంచి చెప్పే మాట కాదిది. ఏళ్ళ తరబడి గుండెల మీద రుబ్బురాయి పెట్టుకుని తిరిగాను. చర్చిలో మోకాళ్ళ మీద కూర్చుని అన్ని తప్పులూ ఒప్పుకున్నాను, ఇదొక్కటి తప్ప. ఒక ఆటలో ఆడిన అబద్ధం గురించి పాస్టరు గారికి ఎలా చెప్పను? నవ్వుతారేమోనని భయం. కాదు, అదీ నిజం కాదు. నవ్వకపోతేనో అని భయం.

ఎనభైల మొదట్లో షార్జాలో ఒక ఆసుపత్రి నర్సుల క్వార్టర్స్‌లో నేను వంటమనిషిని. అమ్మాయిలంతా మా గోదావరి వైపు వాళ్ళే. నన్ను అత్తా అని పిలిచేవాళ్ళు. నా చదువు మూడో తరగతితో ఆగిపోయింది. కానీ చూసింది, విన్నది మరిచిపోయే అలవాటు లేదు నాకు. ఎవరి గొడుగు ఎవరు పట్టుకెళ్ళారో, ఏ మాట ఎవరన్నారో, తగువొస్తే నన్నే అడిగేవాళ్ళు. నేను చెప్పిందే తీర్పు. దాని మీద నాకు గర్వం ఉండేది.

శుక్రవారం సెలవు. ఆ మధ్యాహ్నాలు నావి. ఏసీ గదిలో చాప పరిచి, మా నాయనమ్మ దగ్గర విన్న రాజుల కథలు చెప్పేదాన్ని. సారమ్మ అనే అమ్మాయి నా ఒళ్ళో తల పెట్టుకుని వినేది. పాలు తాగే కూతుర్ని పాలకొల్లు దగ్గర తల్లి చేతిలో పెట్టి వచ్చింది. ఆ పిల్ల పేరు ఎస్తేరు. కథ మధ్యలో ఒక్కోసారి ఆ పేరు తనలో తనే అనుకునేది.

అప్పుడు ఆ ఆట వచ్చింది. ఇంగ్లండు నుంచి వచ్చిన మార్గరెట్ అనే నర్సు తెచ్చింది. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్ళు ఆ కథలో ఒక్కో మనిషవుతారు. గుహల్లోకి వెళ్తారు, రాక్షసులతో తలపడతారు. గెలుపోటములు రకరకాల పలకలున్న పాచికలు చెప్తాయి. ఎవరి ప్రాణం ఎంతుందో కాగితం మీద అంకె వేసుకుంటారు. దెబ్బ తగిలితే అంకె తగ్గుతుంది.

ఆ ఆటకు రెండు రకాల పుస్తకాలుండేవి. పాతవి ఒక డబ్బాలో సన్నటి పుస్తకాలు. కొత్తది గట్టి అట్ట వేసిన లావుపాటి పుస్తకం. ఇంగ్లీషు పేర్లు మాకెందుకని ఒకటి డబ్బా, ఇంకొకటి అట్ట అనేవాళ్ళం. అమ్మాయిల్లో పార్టీలు కూడా పుట్టాయి. నువ్వు డబ్బాదానివా, అట్టదానివా అని భోజనాల దగ్గర వేళాకోళాలు. నాకు ఇంగ్లీషు చదవడం రాదు గానీ, వింటూ వింటూ తేడాలన్నీ పట్టేశాను. డబ్బాలో నీ ఆట మనిషి అడవి జాతిలో పుడితే, ఆ జాతి పనే దాని పని. అట్టలో పుట్టుక వేరు, పని వేరు. సారమ్మ నవ్వుతూ అనేది, "మా ఊళ్ళో ఇంకా డబ్బా రూలే నడుస్తుంది. అందుకే నేను అట్టదాన్ని." ఆ నవ్వు వెనక ఏముందో మా అందరికీ తెలుసు.

ఇంకో తేడా ఉంది. నా పాపమంతా అక్కడే ఉంది. డబ్బాలో ప్రాణం సున్నాకి వచ్చిందంటే ఖలాస్. అట్టలో అలా కాదు. సున్నా కిందికి దిగాక కూడా మనిషి కొనప్రాణంతో ఉంటుంది. పక్కనున్నవాళ్ళు పరుగెత్తి కట్టు కడితే బతుకుతుంది. నర్సులు కదా, ఆ రూలంటే వాళ్ళకు ప్రాణం.

మొదట పాచికల చప్పుడు వింటూ వంటింట్లోనే ఉండేదాన్ని. ఒక శుక్రవారం ఉండబట్టలేక, ఇవాళ నా కథ వినండే అన్నాను. సారమ్మ తల కూడా ఎత్తలేదు. "నీ కథలో మేం ఎటు పోయినా చివరికి రాజుగారి పెళ్ళే కదా అత్తా. ఇందులో మా ఇష్టం." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మాటలో తప్పేముంది? ఏమీ లేదు. నిజమే అంది. నిజం కాబట్టే గుచ్చుకుందేమో. అక్కడే ముల్లు విరిగింది. అంత చిన్న మాటను అన్నాళ్ళు లోపల దాచుకుని నీళ్ళు పోసి పెంచినదాన్ని, నన్ను నేను మంచిదాన్నని ఎలా అనుకున్నాను?

తరవాత మార్గరెట్ కొత్త కథ మొదలుపెట్టింది. ఆ రోజు మిగతావాళ్ళంతా డ్యూటీలో ఉన్నారు. ఉన్నది ఆవిడ, సారమ్మ, టీ ఇవ్వడానికి వెళ్ళిన నేను. ఏ పుస్తకంతో మొదలుపెడితే కథ అయ్యేదాకా అదే పుస్తకం, అది వాళ్ళ కట్టుబాటు. ఏ పుస్తకమని మార్గరెట్ అడిగింది. సారమ్మ అట్ట అంది. మార్గరెట్ సరేనని ఆ లావు పుస్తకం మీద చెయ్యి వేసింది. నా కళ్ళతో చూశాను. సారమ్మ తన మనిషికి ఎస్తేరు అని పేరు పెట్టింది. కత్తి పట్టిన మామూలు ఆడపిల్ల. ఏ పుస్తకంలోనైనా ఇమిడిపోయే పిల్ల, దాన్ని చూసి ఏ పుస్తకమో చెప్పలేం.

మిగతావాళ్ళు ఆ కథలో చేరకముందే మార్గరెట్ కాంట్రాక్టు అయిపోయి వెళ్ళిపోయింది. పుస్తకాలు ఇక్కడే వదిలేసింది. పెద్ద నర్సు గ్రేసమ్మ కథ అందుకుంది. ఆవిడకు ఏది గుర్తొస్తే ఆ రూలు. ఒక శుక్రవారం గుహలో ఎస్తేరుకు దెబ్బ తగిలింది. అంకె సున్నా దాటి దిగింది.

"అయిపోయిందే సారా. పిల్ల పోయింది," అంది గ్రేసమ్మ.

"పోలేదక్కా. ఇది అట్ట కథ. ఎవరన్నా కట్టు కట్టండే."

"డబ్బా అనుకుంటున్నానే నేను. నీ పిల్ల పడిపోయేసరికి అట్ట గుర్తొచ్చిందా?"

"మార్గరెట్‌తో నేనే చెప్పానక్కా. అత్త ఉంది అక్కడ. అత్తనడుగు."

గ్రేసమ్మ వంటింటి వైపు తిరిగింది. "అత్తా, నువ్వు చెప్పు. నీ మాటంటే మాటే. డబ్బానా, అట్టా?"

సారమ్మ నా వైపు చూసింది. ఆ చూపులో బతిమాలడం లేదు. నాకు తెలుసన్న ధీమా, అంతే.

"డబ్బా," అన్నాను.

ఎందుకన్నాను? ఒక్కసారి ఆ అమ్మాయి కథ కూడా తన ఇష్టప్రకారం ముగియకూడదని. ఇంతకన్నా పెద్ద కారణం ఉందేమోనని ఇన్నేళ్ళూ వెతికాను. లేదు.

సారమ్మ వాదించలేదు. "అత్త మర్చిపోదు. నేనే పొరబడి ఉంటాను," అని కాగితం మడిచింది. అప్పటిదాకా అది ఆటే. ఆ మడత చూశాక గాని నాకు తట్టలేదు, ఆ కాగితం మీద ఉన్నది కన్నకూతురి పేరని.

ఆ రోజు నుంచి దానికి తిండి సయించలేదు. ఊళ్ళో ఫోను లేదు. ఉత్తరం వచ్చేదాకా ఎదురుచూపే. ఆసుపత్రి బస్సు ఆగిన ప్రతిసారీ డ్రైవరుని, "భాయ్, మేరా ఖత్ ఆయా?" అని అడిగేది. పిచ్చిదానా, ఆటలో పేరు పోతే పిల్లకేమవుతుందని గ్రేసమ్మ కసిరేది. నేను ఒక్క మాట చెప్తే ఆ నరకం ఆగిపోయేది. పళ్ళెంలో ఇంకో గరిటె అన్నం వడ్డించాను గానీ ఆ మాట చెప్పలేదు. చెప్తే ఇక నా జ్ఞాపకాన్ని ఎవరు నమ్ముతారు? కన్నతల్లిగా అది పడే బాధ కన్నా నా పేరే నాకు ఎక్కువైంది.

వారాల తరవాత ఉత్తరం వచ్చింది. పిల్ల క్షేమం. అమ్మమ్మనే అమ్మా అని పిలుస్తోందట. సారమ్మ అది చదివి చాలాసేపు ఏడ్చింది. తరవాత నా దగ్గరికొచ్చి, "నన్ను ఊరడించడానికైనా నువ్వు అబద్ధం చెప్పలేదు అత్తా. నీలాంటి మనిషి ఒకళ్ళుండాలి," అంది. ఆ మాట కన్నా చెంప మీద కొట్టినా బాగుండేది.

కాంట్రాక్టు పూర్తికాకుండానే రాజీనామా ఇచ్చి ఊరెళ్ళిపోయింది. ఆ ఉత్తరం వల్ల వెళ్ళిందో, నా అబద్ధం వల్ల వెళ్ళిందో నాకు తెలియదు. తెలుసుకోవాలని ఉత్తరం కూడా రాయలేదు. అప్పుడూ భయమే. ఆ ఆట మళ్ళీ ఎవరూ తీయలేదు. శుక్రవారాలు తిరిగి నావయ్యాయి. అమ్మాయిలు చాప చుట్టూ చేరారు. నోరు తెరిస్తే కథ వచ్చేది కాదు.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. చెప్పాల్సిన మనిషికి చెప్పలేదు, మీకు చెప్పాను. అయినా ఊపిరి కాస్త కిందికి దిగినట్టుంది. ఇంతసేపు కూర్చుని విన్నందుకు మీ ఇల్లు చల్లగా ఉండాలి. దూరాన ఉన్న మీ వాళ్ళ కబురు వేళకు అందాలి. మీ ఇంట్లో సాక్ష్యం అడిగినప్పుడు, ఎవరి నోటా నాలాంటి మాట రాకుండా ఉండాలి.