బూడిదల అలుగు అడుగులు

"ఏ బొక్కల ఉన్నదో ఎరుకైందా?" అని అడిగిన.

"ఎరుకైంది. జర నీళ్లియ్యి, చెప్త" అన్నడు.

నీళ్లు తెచ్చేసరికి మా ఆయన గోడకొరిగి పాణం ఇడిచిండు. మా ఇద్దరి ఆఖరి మాటలు అవ్వే.

నాకు సదువు రాదు. మా చెల్లె బిడ్డ రమ రాస్తున్నది. దయ్యాలంటే నేనెన్నడు నమ్మలే. ఆయన రాత్రి షిఫ్టుకు బొగ్గుబాయిల దిగితే, క్వార్టర్ల ఒక్కదాన్నే పండుకున్నదాన్ని.

రిటైరైనంక ఆయన ఫారెస్టోళ్ల దగ్గర కూలికి కుదిరిండు. బాయి తవ్విపోసిన మట్టిగుట్టల అవతల మిగిలిన జరంత అడివిని బొగ్గుకోసం తవ్వుతరట. అండ్ల ఒక అలుగున్నది. ఒంటినిండ పెంకులు, చెదలు తిని బతుకుతది. పొద్దంత బొక్కల పండుకుంటది, చీకటైతేనే ఎల్లుతది. ఎనుకట మస్తుండేటియి, ఇప్పుడు కండ్లవడుతలేవు. మిషన్లు రాకముందే పట్టి వేరే అడివిల ఇడువాలె, లేకుంటే మట్టికిందనే పోతది. బొక్కలేమో శానున్నయి. ఈయన పొద్దుమీకి ఒక్కోదాని ముంగట జల్లించిన బూడిద చల్లి, తెల్లారి అడుగులు చూసొచ్చేటోడు.

దొరికిన బొక్క ఏదో చెప్పకుండనే పాయె.

మనిషి పోయిన జాగల మేము గూడ బూడిదే పోస్తం. గంప బోర్లిస్తం. పోయినోళ్లు ఏ రూపంల వచ్చి పోయిండ్రో తెల్లారి అడుగులు చూసుకుంటం. ఆ జాగ నేనే కడిగిన, నేనే బూడిద పోసిన. తలుపేసి అందరం వాకిట్ల పండుకున్నం.

తెల్లారి గంప లేపితే గోర్ల అడుగులు. నడుమ తోక ఈడ్సిన గీత. పక్కన తెల్లసుద్ద పెళ్లలు.

"పందికొక్కు అయ్యుంటది వదినె. అన్నకు బాయిల ఎలుకలే దోస్తులు గద" అని మా మరిది నవ్విండు. మళ్ల ఆ దిక్కు సూడలే.

తెల్లసుద్ద ఆ అడివిల వాగొడ్డున ఇప్పచెట్టు కిందనే ఉంటది. కట్టెలకు పోయినప్పుడు చూసిన. ఫారెస్టోళ్లకు గదే చెప్పిన. పోయి చూస్తే అక్కడి బొక్క మూతి మూసి ఉన్నది. లోపలున్నప్పుడు అలుగు మట్టితోని గట్లనే మూసుకుంటదట. తవ్విండ్రు. అండ్లనే ఉండె, ఉండలెక్క ముడుసుకొని. బోనుల ఏసి తీస్కపోయిండ్రు.

పందికొక్కే అయితే సుద్ద యాడికెల్లి తెచ్చె? ఆయన చెప్పులకంటి వచ్చిందందామంటే, కడిగిన బండ అది. నాకు సమజ్ గాదు. ఆలోచించే ఓపిక గూడ లేదిగ. జీవమైతే బతికింది.

రమా, చెప్పింది చెప్పినట్టే రాసినవా? నీ సొంతం ఏం కలుపలేవు గద బిడ్డా? ఏదీ, మెల్లగ సదువు, వింట.