అమావాస్య నాటి సౌండు

మొన్న ఆదివారం కల్లూరులోని ఇంట్లో మా కొడుకు పాటల సెట్టు విప్పి నేల మీద పరిచాడు. “మా, ఈ స్పీకర్లు జీరపోయినాయి. కొత్తవి తెస్తా. నువ్వు సరేనంటేనే” అన్నాడు. రెండు రోజుల్లో చెప్తానని, ఆ కట్టెపెట్టెల ముందు గుడ్డ మీద వేలు రాస్తూ కూర్చుండిపోయాను. ఆ గుడ్డ మా ఆయన నేసింది. ఎలుకలు పాతగుడ్డను కొరికేస్తే, చీర నేయగా మిగిలిన పడుగుతో జానెడు ముక్క నేసి రెండింటికీ బిగించాడు. ఒకదానికి అంచు పైకి వచ్చింది, ఇంకోదానికి కిందికి.

అప్పుడు మేము ఒంటిమిట్ట దగ్గర నేతగాళ్ల ఊళ్లో ఉండేవాళ్లం. మా తరంవాళ్లకు గుర్తుండే ఉంటుంది, నేతిళ్లలో అమావాస్య నాడు మగ్గం ఎక్కరు. నెలంతా టకటకలాడే వీధి ఆ ఒక్కరోజు నోరు మూసుకుంటుంది, పిచ్చుకల అరుపు కూడా వినపడుతుంది. ఆ పూట తలంటుకుని సెట్టు ముందు కూర్చోవడమే మా ఆయనకు పండగ. ఇంటి మగ్గంతో జరగక ఆయన మరమగ్గాల షెడ్డుకు పోవడం మొదలుపెట్టాక, ఆ సెట్టు సౌండు ఏడాదికేడాది పెరిగింది. మామూలు రోజుల్లో మగ్గాల మోతకు పెంచుతున్నాడులే అనుకునేదాన్ని. వీధిలో ఒక్క మగ్గమూ ఆడని అమావాస్య నాడు కూడా ఎందుకు పెంచుతున్నాడో నాకు తట్టలేదు. నాలుగో తరగతితో బడి మానేసినా, ఎవరి పెళ్లిలో ఏ కూర వడ్డించారో ఇప్పటికీ చెప్పగలిగే నాకు, ఆ ఒక్కటీ తట్టలేదు.

ఒక అమావాస్యకు మా తమ్ముడు భోజనానికి వచ్చాడు. నేను ఓళిగలు వడ్డిస్తుంటే పెట్టెలు అదిరిపోతున్నాయి. పోయి సౌండు తగ్గించి, “చెవుడా నీకు? ఊరంతా ఇనాల్నా ఏమి?” అన్నాను. మా తమ్ముడు విరగబడి నవ్వి, “బావకు పాట ఇనపడితే సాలదక్కా, గోడలు గూడా ఇనాల” అన్నాడు. మా ఆయన మా ఇద్దరి మొహాలూ చూసి, తానూ నవ్వాడు.

ఆ తర్వాత ఆయన సౌండు ముట్టలేదు. నేను ఎంత పెడితే అంతే. పెట్టె పక్కన చేరి, దాని మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకునేవాడు. తాళం వేస్తున్నాడనుకున్నాను. నా మాట విన్నాడని మురిసిపోయాను కూడా.

చివరికి ఆయన జబ్బుపడి కడప ఆసుపత్రిలో చేరినప్పుడు, డాక్టరమ్మ ఎంత గట్టిగా అడిగినా పలకకపోతే, ఎప్పటి నుంచి వినపడటం లేదని ఆమె కాగితం మీద రాసి చూపించింది. షెడ్డుకు పోయిన మూడో ఏటి నుంచే వినికిడి తగ్గుతూ వచ్చిందనీ, పోగు తెగితే మగ్గం మోత మారుతుందనీ, అది వినపడనివాణ్ణి పనిలో ఉంచుకోరని దాచాననీ చెప్పాడు. మరి నాకెందుకు చెప్పలేదని సైగ చేశాను.

“నువ్వే అంటివి కదే ఆ పొద్దు, చెవుడా అని. నీకు తెలుసనుకుంటి” అన్నాడు.

నాకు తెలిసే తగ్గిస్తున్నానని అన్నేళ్లూ అనుకున్నాడు. నాకు తెలియదని ఎంత సైగ చేసినా, చెయ్యి ఊపి పోనీలే అన్నాడు. ఆ నెలలోనే పోయాడు.

మంగళవారం కొడుకుతో అంగడికి పోయి కొత్త స్పీకర్లు విన్నాను. పాట శుభ్రంగా ఉంది, పాడే ఆమె ఊపిరి పీల్చుకోవడం కూడా వినపడింది. పైన చెయ్యి ఆనించాను. ఏమీ అదరలేదు. “చెవి పెట్టల్ల మా, చెయ్యి కాదు” అని అంగడాయన నవ్వాడు. ఇంటికి వచ్చి, పాతవే ఉండనీ అని కొడుకుతో చెప్పాను.

ఇప్పుడు మా ఇంట్లో అందరూ చెవుల్లో చిన్న బిళ్లలు పెట్టుకుని ఎవరి పాట వాళ్లు వింటారు. ఎవరి సౌండూ ఎవరికీ అడ్డం కాదు. కల్లూరులో అమావాస్య ఎప్పుడు వచ్చి పోయిందో క్యాలెండరు చూస్తే తప్ప తెలియదు. నిన్న చూశాను, అమావాస్యే. ఆ జీరగొంతు పెట్టెల్లో పాట పెట్టి, ఆయన పెట్టుకున్నంత సౌండు పెంచి, అంచు పైకి వచ్చిన పెట్టె మీద చెయ్యి ఆనించి కూర్చున్నాను. పాట అయిపోయేదాకా ఎవరూ వచ్చి తగ్గించలేదు.