తమ్ముణ్ణి చంకనేసుకుని బడి గడపదాకా

మా చిన్నప్పుడు బడంటే నాకు తెలిసిందల్లా తమ్ముణ్ణి చంకనేసుకుని నడవడమే... తెల్లవారుజామున లేపితే ఐదేళ్ల మస్తాను ఒక పట్టాన లేచేవాడు కాదు. కళ్లు మూసుకునే నా మెడ చుట్టూ చేతులేసేవాడు. వాడి పలక సంచి నా భుజాన, వాడు నా నడుం మీద... అలా బయల్దేరేవాళ్లం.

ఇదంతా నేను చెబుతుంటే మా మనవరాలు ఫోన్లో టైపు చేస్తోంది. తప్పులుంటే దాన్ని తిట్టండి, నన్ను కాదు.

మాది మాచర్ల దగ్గర పల్లె. నాన్న ఊరూరా తిరిగి దూదేకేవాడు, అమ్మ కూలికి పోయేది. మా ఊళ్లో బడి లేదు. వాగు దాటి కోసెడు దూరం, అంటే రెండు మైళ్లు పోవాలి. దారంతా నాపరాళ్లు, పల్లేరుకాయలు. కాళ్లకు చెప్పులా... ఆ మాటే ఎత్తకండి!

అంత పెందలాడే ఎందుకంటారా? ఆ రోజుల్లో బడికి అందరికంటే ముందు వచ్చినవాడి అరచేతిలో పంతులుగారు బెత్తం కొసతో 'శ్రీ' రాసేవారు. రెండోవాడికి చుక్క. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు... అలా పెరుగుతూ పోయేవి. ఆఖరున వచ్చినవాడి పని అయిపోయినట్టే! మా మస్తానుకు బెత్తం చూస్తేనే లాగు తడిసేది. ఒకసారి దెబ్బలు తిని, ఇక బడికి పోనని మంచం కోడు పట్టుకుని కూర్చున్నాడు.

నాన్న ఒకటే మాటన్నాడు. "బడి మానేస్తే రేపే గొడ్ల కాడ జీతానికి పెడతా."

అన్నంత పనీ చేసే మనిషి ఆయన. అందుకని వాణ్ణి అందరికంటే ముందు చేర్చే పని నా నెత్తిన పడింది. నాకప్పుడు తొమ్మిదో పదో ఏళ్లు...

వాణ్ణి దింపి మళ్లీ ఇంటికి. బావిలో చేద వేసి నీళ్లు తోడడం, మొయ్యడం, పేడ ఎత్తడం, జొన్నలు దంచడం. కాస్త నడుం వాలుద్దామనుకునేసరికి పొద్దు వాలేది. మళ్లీ వాగు దాటి వాణ్ణి తీసుకురావాలి. తిరుగుదారిలో వాడికీ ఆకలి, నాకూ ఆకలి. "ఎత్తుకో అక్కా" అని రాగం తీసేవాడు.

"ఏందిరా నీ గోల! నేనేమన్నా బండెద్దునా?" అని కసురుకునేదాన్ని. కసురుకుంటూనే ఎత్తుకునేదాన్ని.

బడి పక్కిల్లే షావుకారుది. రోజూ మావాడికే శ్రీ వస్తుంటే ఆయన కొడుక్కి కడుపు మండిపోయేది. ఒకనాడు నేనింకా గడపలోనే ఉండగా లేచి నిలబడ్డాడు. "పంతులుగారూ, మస్తానుగాడు నడిచి రాలేదండీ, వాళ్లక్క చంకెక్కి వచ్చాడు. ముందొచ్చింది వాళ్లక్క, వాడు కాదు!"

పంతులుగారు బెత్తం అందుకున్నారు. "అదీ నిజమేరా. గడపలో ముందు పడింది ఆ పిల్ల కాళ్లే గదా. ఏమే పిల్లా, చెయ్యి పట్టు!"

దెబ్బ పడుతుందని కళ్లు గట్టిగా మూసుకున్నాను. బెత్తం కొస అరచేతిలో మెల్లగా తిరిగింది... చక్కిలిగిలి పెట్టింది. నా చేతిలో శ్రీ! మస్తానుకు చుక్క. చాడీ చెప్పిన పాపానికి షావుకారు కొడుక్కి దెబ్బ. బడంతా ఒకటే నవ్వులు.

ఆ రోజు ఇంటిదాకా పిడికిలి విప్పలేదు. బెత్తంతో రాసింది కంటికి కనబడదు గదా... అయినా సరే. బావి దగ్గర తాడు పట్టుకోవాలంటే మనసొప్పలేదు. పట్టుకోక తప్పుతుందా!

మర్నాటి నుంచి వాణ్ణి గడప ముందే దింపి, వీపు మీద చెయ్యేసి లోపలికి తోసి, ఆయాసం తీరేదాకా గోడ వారన కూలబడేదాన్ని. లోపల పిల్లలు అచ్చులు వల్లిస్తుంటే నా పెదాలూ కదిలేవి. పంతులుగారు అది చూశారు.

"ఎటూ రోజూ వస్తూనే ఉన్నావు. లోపలికొచ్చి కూర్చోవే. నేను రమ్మన్నానని మీ నాయనకు చెప్పు."

ఆ రోజు దారంతా ఎలా నడిచానో నాకే తెలియదు. నాన్న ఒంటిమీది దూది దులుపుకుంటూ విన్నాడు. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది...

"నువ్వు పలక పట్టుకుంటే నీళ్లెవరు తెస్తారమ్మా? మీ అమ్మ పొద్దుగూకులూ చేలోనే గదా" అన్నాడు. ఆయనా అలిసిపోయే ఉన్నాడు. నేను చేద తీసుకుని బావికి పోయాను.

పోనీలే, వాణ్ణి దింపినంతకాలం గోడ వారనైనా కూర్చోవచ్చు గదా అనుకున్నాను. ఆ తర్వాత ఆ కాసేపటి కోసమే వాడి బరువు మోశాను.

ఏడాది తిరిగేసరికి మస్తాను ఎదిగాడు. ఒకరోజు వాగు దగ్గర నా చెయ్యి విదిలించుకున్నాడు. "అక్కా, రేపట్నుంచి నువ్వు రాబాక. చంకపిల్లోడని అందరూ ఎక్కిరిస్తన్నారు. నేనొక్కణ్ణే పోతా."

అమ్మ ఎంత సంతోషపడిందో! "అమ్మయ్య, పిల్లోడు గట్టిపడ్డాడు. నీకూ చానా అలుపు తగ్గింది. రేపు నాతో మిరపకోతకు రా" అంది.

మర్నాడు వాడు సంచి తగిలించుకుని గెంతుకుంటూ పోయాడు. నేను అమ్మ వెనక చేలోకి... నడుం మీద బరువు లేదు. అయినా కాళ్లు ఈడ్చుకుంటూ నడిచాను. ఆ రోజున్నంత అలుపు నాకు మళ్లీ ఎప్పుడూ లేదు.

మస్తాను బాగా చదువుకున్నాడు, ఉద్యోగం చేశాడు. నాకు సంతోషమే, అబద్ధమెందుకు! ఇప్పుడు బడి బస్సు గుమ్మం ముందుకే వచ్చి ఆగుతోంది. ఆడపిల్లలు జడలూపుకుంటూ ఎక్కుతుంటే చూసి నా కడుపు నిండుతుంది.

మిమ్మల్ని చిన్నప్పుడు బడికి నడిపించింది ఎవరు? అమ్మా, అక్కా, నాయనమ్మా... కింద రాయండి, మా మనవరాలు చదివి వినిపిస్తుంది. అలాగే, ఆ మనిషి ఏం చదువుకుందో ఎప్పుడైనా అడిగారా? మా మస్తాను పోయేదాకా నన్ను ఒక్కసారీ అడగలేదు.