అమ్మ తెల్లచీర మీద పసుపు

నా చిన్నప్పుడు పసుపు ఉడకబెట్టే రోజుల్లో, మా పెదబయలు వైపు పిల్లల చేతులు ఎంత కడిగినా పచ్చగానే ఉండేవి. ఉడికిన కొమ్ముల్ని ఎండబోసి తిరగేయడం మా పని. నాకు పదేళ్లప్పుడు, సరిగ్గా ఆ పనుల మధ్యనే, నాలుగు రోజుల జ్వరంతో మా అమ్మ పోయింది.

నాకు ఏడుపు రాలేదు. బాధ కూడా తెలియలేదు. చర్చి ఆడవాళ్లు నన్ను పట్టుకుని ఏడుస్తుంటే, నేను వాళ్ల చీరల మీది పువ్వులు చూస్తూ కూర్చున్నాను. ఈ గుంట రాయిలా ఉందేటని ఎవరో అన్నారు. దానికి కోపమూ రాలేదు.

పెళ్లినాటి తెల్లచీరలోనే తనను పూడ్చమని అమ్మ అడిగిందట. నాన్న ఆ చీరను పెట్టెలోంచి తీసి మంచం మీద పెట్టి, పాస్టరుగారి కోసం వెళ్లాడు. నేను దాన్ని రెండు చేతులతో గుండెకు హత్తుకున్నాను. అప్పుడే కడుక్కున్న చేతులు ఇంకా తడిగా ఉన్నాయి. కొంగు మీద ఒకటి, లోపలికి దోపే చివర ఒకటి, పచ్చటి చేతి గుర్తులు పడిపోయాయి. మధ్యాహ్నానికి అమ్మకు కట్టాల్సిన చీర అది.

పక్కింటి పిన్ని చూసింది. తిడుతుందనుకున్నాను. చీరతో పాటు నన్నూ ఊరి పక్కన పారే గెడ్డ దగ్గరికి తీసుకెళ్లింది. సబ్బు తగలగానే కొంగు మీది పసుపు ఎర్రగా మారింది. పిన్ని తాపీగా జాడించి, కొంగును బండ మీద పరిచింది. పసుపు నీళ్లకు లొంగదనీ, ఎండకే పోతుందనీ చెప్పి నన్ను పక్కన కూర్చోబెట్టింది. చూస్తుండగానే మరక పాలిపోతూ వచ్చింది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి అదెక్కడుండేదో నాకే తెలియలేదు.

రెండో చివరను మాత్రం ఆమె తడపనే లేదు. మడిచి నీడలో, తన ఒళ్లో పెట్టుకుంది. దాన్నెందుకు ఎండలో వేయలేదని అడిగాను.

"ఎండకెడితే ఇదీ పోతాది. ఉండనీ. లోపలికి దోపుతారు, ఎవులికీ కనపడదు. నీ సెయ్యి మీ యమ్మతో ఎల్తాది."

అప్పుడు కూడా నేను ఏడవలేదు. పిన్ని ఏడవమనీ అనలేదు.

ఇప్పుడు ఏ చావింటికి వెళ్లినా నా కళ్లు ముందుగా ఏడవని పిల్లల్ని వెతుకుతాయి. ఓదార్చడం నాకు చేతకాదు. పక్కన కూర్చుని, పోయినవాళ్లతో ఏమైనా పంపిస్తావా అని మాత్రం అడుగుతాను.